గాల్లో ఇంజిన్ ఆగిపోతే హెలికాప్టర్ ఏమవుతుంది? పైలట్‌కు ఉండే వ్యవధి ఎంత?

హెలికాప్టర్ గాల్లో ఉండగా ఇంజిన్ ఆగిపోతే ఏమవుతుంది?

ఎవరినడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తుంది. 'ఇంకేముంది, రాయిలా కింద పడుతుంది' అంటారు. విమానానికి రెక్కలుంటాయి కాబట్టి ఇంజిన్ లేకపోయినా కొంతదూరం తేలుతూ వెళ్తుందని, హెలికాప్టర్‌కు ఆ అవకాశం లేదని చాలామంది అనుకుంటారు.

నిజానికి ఇంజిన్ పూర్తిగా ఆగిపోయినా హెలికాప్టర్‌ను భద్రంగా నేల మీదికి దించే పద్ధతి ఒకటుంది. దాని పేరు ఆటోరొటేషన్. హెలికాప్టర్ పైలట్‌గా శిక్షణ పొందే ప్రతి ఒక్కరూ దీన్ని నేర్చుకోవాల్సిందే. హైదరాబాద్ శివారు హకీంపేటలోని వైమానిక దళ హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలోనైనా, విదేశాల్లోని ఫ్లయింగ్ క్లబ్బులోనైనా పాఠం ఒకటే.

తెలుగువారికి మాత్రం హెలికాప్టర్ ప్రమాదం అనగానే గుర్తొచ్చేవి విషాదాలే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర అప్పటి లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి మరణించారు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి మరణించారు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ బి. సాయితేజ ప్రాణాలు కోల్పోయారు. 2025 మే 8న గంగోత్రి దారిలో కూలిన హెలికాప్టర్‌లో ఆంధ్రప్రదేశ్ యాత్రికులు ఉన్నారు.

ఈ ప్రమాదాల దర్యాప్తు వివరాలు చదివితే మబ్బు, సరిగా కనిపించని నేల, తీగలు అన్న మాటలే ఎక్కువగా ఎదురవుతాయి. మనం ఎక్కువగా భయపడే ఇంజిన్ వైఫల్యానికి ఒక విరుగుడు ఉంది. మనం అంతగా పట్టించుకోని వాతావరణానికి అలాంటి విరుగుడు లేదు. ఎందుకో తెలియాలంటే ముందు హెలికాప్టర్ రెక్కలు ఎలా పనిచేస్తాయో చూడాలి.

ఇంజిన్ ఆగినా రెక్కలు ఎందుకు ఆగవు?

హెలికాప్టర్ నెత్తిన తిరిగే ఒక్కో బ్లేడూ ఒక సన్నటి రెక్క. విమానం రెక్క ముందుకు దూసుకెళ్తూ గాలిని కోస్తే, హెలికాప్టర్ రెక్క గుండ్రంగా తిరుగుతూ కోస్తుంది. పైకి లేపే శక్తి రెండింటిలోనూ ఒకేలా పుడుతుంది. అందుకే హెలికాప్టర్‌ను గాల్లో నిలబెట్టేది నేరుగా ఇంజిన్ కాదు, తిరుగుతున్న రెక్కలు. అవి తగినంత వేగంతో తిరుగుతున్నంతసేపు పైలట్ చేతిలో అదుపు ఉంటుంది.

ఇంజిన్ ఆగితే రెక్కలు కూడా ఆగిపోవాలి కదా?

ఆగవు. సైకిల్ తొక్కడం ఆపేసినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెనక చక్రంలోని ఫ్రీవీల్ వల్ల పెడల్ ఆగినా చక్రానికి అడ్డు పడదు. హెలికాప్టర్‌లో ఇంజిన్‌కు, రోటర్‌కు మధ్య సరిగ్గా ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. ఇంజిన్ వేగం రోటర్ వేగం కన్నా తగ్గిన మరుక్షణం అది రెండింటినీ విడదీస్తుంది. ఆగిపోయిన ఇంజిన్ రోటర్‌ను పట్టి ఆపలేదు.

ఇంజిన్ తోడు లేని రోటర్‌ను ఆ తర్వాత తిప్పేది గాలి. ఊళ్లలో పిల్లలు తాటాకు ముక్కతో పంకా చేసి, మధ్యలో తుమ్మముల్లు గుచ్చి, గాలికి ఎదురు పరుగెత్తడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. పరుగు వేగం పెరిగేకొద్దీ పంకా గిర్రున తిరుగుతుంది. కిందికి దిగుతున్న హెలికాప్టర్ రోటర్ కూడా అంతే. మామూలుగా ఎగిరేటప్పుడు రోటర్ పైనుంచి గాలిని లాగి కిందికి నెడుతుంది. ఇంజిన్ ఆగి హెలికాప్టర్ దిగడం మొదలుపెట్టాక గాలి కిందినుంచి పైకి రోటర్‌లోకి దూసుకొస్తుంది. ఆ గాలే రెక్కల్ని తిప్పుతుంది. మహాగని కాయ పగిలినప్పుడు రెక్క ఉన్న గింజ గిరగిరా తిరుగుతూ మెల్లగా నేలకు దిగేది కూడా ఈ సూత్రం మీదే.

రెక్క పొడవునా ఒకే పని జరగదు. మధ్యభాగం గాలి నుంచి శక్తి తీసుకుని రోటర్‌ను తిప్పుతుంది. చివరి భాగం ఆ శక్తిని వాడుకుని హెలికాప్టర్ బరువును మోస్తుంది. ఇరుసు దగ్గరి భాగం పెద్దగా ఉపయోగపడదు. ఈ జమాఖర్చులు సరిపోయినంతసేపు రోటర్ వేగం నిలకడగా ఉంటుంది.

తోక దగ్గరి చిన్న రోటర్ కూడా గేర్ల ద్వారా ప్రధాన రోటర్‌తోనే కలిసి ఉంటుంది. కాబట్టి పెద్ద రోటర్ తిరుగుతుంటే అదీ తిరుగుతుంది. హెలికాప్టర్ ముక్కును ఎటు తిప్పాలో అటు తిప్పే అదుపు పైలట్‌కు దక్కుతుంది.

మొదటి రెండు సెకన్లలో ఏం చేయాలి?

పేరులో 'ఆటో' ఉన్నా ఇది దానంతట అది జరిగిపోయేది కాదు. పైలట్ వెంటనే ఒక పని చేయాలి.

పైలట్ సీటుకు ఎడమ పక్కన, కారులో హ్యాండ్‌బ్రేక్‌లా ఒక లివర్ ఉంటుంది. దాన్ని కలెక్టివ్ అంటారు. పైకి లాగితే అన్ని బ్లేడ్ల వాలు ఒకేసారి పెరిగి హెలికాప్టర్ పైకి లేస్తుంది. వాలు ఎక్కువగా ఉంటే బ్లేడ్లకు గాలి నుంచి ఎదురు కూడా ఎక్కువే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ ఎదురును అది భరిస్తుంది. ఇంజిన్ ఆగినప్పుడు వాలు అలాగే ఉంటే రోటర్ వేగం క్షణాల్లో పడిపోతుంది.

అందుకే ఇంజిన్ ఆగిందని తెలిసిన తక్షణమే పైలట్ ఆ లివర్‌ను కిందికి దించేయాలి. కిందికి పడిపోతున్నట్టు అనిపించినప్పుడు ఎవరి చెయ్యయినా లివర్‌ను పైకి లాగాలని చూస్తుంది. ఇక్కడ చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. శిక్షణలో ఈ కదలికను మళ్లీ మళ్లీ చేయించేది అందుకే. ఆలోచించి చేసేంత సమయం ఉండదు.

వ్యవధి ఎంతన్నది హెలికాప్టర్ రకాన్ని బట్టి ఉంటుంది. బెల్ 206 లాంటి వాటి బ్లేడ్లు బరువుగా ఉంటాయి. బరువైన చక్రం ఒకసారి తిరిగితే తొందరగా ఆగనట్టు, వాటి రోటర్ వేగం కాస్త నెమ్మదిగా తగ్గుతుంది. శిక్షణలో ఎక్కువగా వాడే చిన్న రాబిన్సన్ ఆర్22 బ్లేడ్లు తేలిక. అక్కడ ఒకటి రెండు సెకన్లు తాత్సారం చేసినా ప్రమాదమే. వేగం ఒక హద్దు దాటి పడిపోతే బ్లేడ్ల మీద గాలి ప్రవాహం చెదిరిపోతుంది. ఆ తర్వాత ఏం చేసినా రోటర్ కోలుకోదు. ఈ తరహా ప్రమాదాలు జరిగాకే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 1995లో ఆర్22, ఆర్44 పైలట్లకు ప్రత్యేక శిక్షణను తప్పనిసరి చేసింది.

ఎంత వేగంగా దిగుతుంది? ఎంత దూరం వెళ్తుంది?

ఆటోరొటేషన్‌లో చిన్న హెలికాప్టర్ సాధారణంగా నిమిషానికి 1,500 నుంచి 2,000 అడుగుల చొప్పున దిగుతుంది. వెయ్యి అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే నేల తాకడానికి 30 నుంచి 40 సెకన్లు ఉన్నట్టు. 500 అడుగుల్లో ఆగితే అందులో సగం.

దిగుతూనే ముందుకు కూడా వెళ్లొచ్చు. చాలా హెలికాప్టర్లు ఒక అడుగు దిగేలోపు సుమారు నాలుగు అడుగులు ముందుకు పోగలవు. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి దాదాపు 1.2 కిలోమీటర్లు. ఆ పరిధిలోనే దిగే చోటు దొరకాలి.

ప్రయాణికుల జెట్ విమానం దీనికన్నా చాలా దూరం తేలుతూ వెళ్లగలదు. 2009 జనవరిలో న్యూయార్క్‌లో రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోయిన ఎయిర్‌బస్ ఏ320ని హడ్సన్ నదిలో దించి 155 మందినీ కాపాడటం అలాగే సాధ్యమైంది. కానీ ఆ విమానం దిగాలంటే పొడవైన, చదునైన చోటు కావాలి. నేలను తాకేటప్పుడు దాని వేగం గంటకు 200 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. హెలికాప్టర్ ఎక్కువ దూరం వెళ్లలేకపోయినా చిన్న ఆటస్థలంలోనూ దిగగలదు, అదీ దాదాపు ముందుకు కదలకుండా. ఎలాగంటే...

చివరి వంద అడుగుల్లో ఏం జరుగుతుంది?

నిమిషానికి 1,500 అడుగుల వేగంతోనే నేలను తాకితే ప్రాణాలకే ప్రమాదం. ఆ వేగాన్ని చివరి క్షణాల్లో తగ్గించాలి.

నేలకు వంద అడుగులో, అంతకన్నా తక్కువో ఉండగా పైలట్ హెలికాప్టర్ ముక్కును పైకెత్తుతాడు. దీన్ని ఫ్లేర్ అంటారు. దీనివల్ల మూడు పనులు జరుగుతాయి. ముందుకు పోయే వేగం తగ్గుతుంది. కిందికి దిగే వేగం తగ్గుతుంది. రోటర్‌లోకి గాలి ఎక్కువగా దూరడంతో దాని వేగం ఇంకాస్త పెరుగుతుంది. అంటే ముందుకు పోయే వేగంలోని శక్తి రోటర్‌లోకి మారుతుంది.

తర్వాత హెలికాప్టర్‌ను మళ్లీ సమంగా చేసి, నేల కొన్ని అడుగుల దూరంలో ఉండగా అప్పటిదాకా దించి ఉంచిన కలెక్టివ్‌ను పైకి లాగుతాడు. తిరుగుతున్న రోటర్‌లో దాచిపెట్టిన శక్తంతా ఆ ఒక్క లాగుడులో ఖర్చవుతుంది. హెలికాప్టర్ మెత్తగా నేల మీద కూర్చుంటుంది.

రోటర్‌లోని ఈ శక్తిని డబ్బులపెట్టెలో దాచుకున్న సొమ్ము అనుకోవచ్చు. ఒక్కసారే ఖర్చు పెట్టగలం. తొందరపడి ముప్పై అడుగుల ఎత్తులోనే లాగేస్తే నేల దాకా శక్తి మిగలదు. ఆలస్యమైతే లాగేలోపే నేల తగులుతుంది. రెండో ప్రయత్నం ఉండదు.

టేకాఫ్ కాగానే నిటారుగా ఎందుకు లేవవు?

ఎన్నికల సభల దగ్గర హెలికాప్టర్లు లేవడం చూసే ఉంటారు. కొంచెం పైకి లేచాక ముక్కు వంచి, నేలకు దగ్గరగా కొంతదూరం పరుగెత్తి, వేగం అందుకున్నాకే ఎత్తు పెంచుతాయి. చాలామంది అది విన్యాసం అనుకుంటారు. దాని వెనక ఒక లెక్క ఉంది.

ఆటోరొటేషన్‌కు పెట్టుబడి రెండే, ఎత్తు, వేగం. రెండింటిలో కనీసం ఒకటైనా చేతిలో ఉండాలి. వేగం లేకుండా 100, 200 అడుగుల ఎత్తులో నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ ఆగితే, గాలి రోటర్‌ను పూర్తిగా అందుకునేలోపే నేల వచ్చేస్తుంది. ఐదారు అడుగుల్లో ఆగితే రోటర్‌లో ఉన్న శక్తితోనే దించేయొచ్చు. వెయ్యి అడుగుల్లో ఆగితే వేగం పుంజుకోవడానికి సమయం దొరుకుతుంది. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నదే ప్రమాదకరమైన ప్రాంతం. నేలకు బాగా దగ్గరగా, మితిమీరిన వేగంతో వెళ్లడం కూడా అంతే. ముక్కు ఎత్తేందుకు చోటు ఉండదు.

ఏ ఎత్తులో ఎంత వేగం తప్పనిసరో చెప్పే గ్రాఫు హెలికాప్టర్ మాన్యువల్‌లో ఉంటుంది. పైలట్లు దాన్ని 'డెడ్ మ్యాన్స్ కర్వ్' అని పిలుస్తారు. వీలైనంతవరకు ఆ గీత లోపలికి వెళ్లకుండా ఉండటానికే ముక్కు వంచి పరుగెత్తేది.

12 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇంజిన్ లేకుండా

ఈ ఆలోచన హెలికాప్టర్ కన్నా పాతది. తన విమానం గాల్లో వేగం కోల్పోయి కూలిపోయాక, అలా కూలని యంత్రం చేయాలని స్పెయిన్ ఇంజినీర్ హువాన్ డి లా సియెర్వా పూనుకున్నారు. ఆయన ఆటోజైరో 1923లో ఎగిరింది. దాని పైనున్న రోటర్‌ను ఎగిరేటప్పుడు ఏ ఇంజినూ తిప్పదు, గాలే తిప్పుతుంది. అంటే అది ఎగిరినంతసేపూ ఆటోరొటేషన్‌లోనే ఉంటుంది.

దీనికి అతిపెద్ద రుజువు 1972 జూన్ 21న ఫ్రాన్స్‌లో దొరికింది. పైలట్ జాన్ బూలే లామా హెలికాప్టర్‌లో 12,442 మీటర్ల ఎత్తుకు వెళ్లి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. తిరుగుముఖం పట్టేసరికి గడ్డకట్టే చలిలో ఇంజిన్ ఆరిపోయింది. మళ్లీ అంటుకోలేదు. ప్రయాణికుల విమానాలు తిరిగే ఎత్తు నుంచి నేల దాకా ఆయన ఆటోరొటేషన్‌లోనే దిగి, క్షేమంగా బయటపడ్డారు. అదే లామాను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 'చీతా' పేరుతో మన దేశంలో తయారుచేసింది. సియాచిన్‌లో సైనికులకు సరుకులు మోసింది ఆ చీతాలే.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఉంది. 2013 నవంబర్ 29 రాత్రి పోలీసు హెలికాప్టర్ ఈసీ135లో రెండు ఇంజిన్లూ అర నిమిషం తేడాలో ఆగిపోయాయి. ప్రధాన ట్యాంకులో ఇంకా ఇంధనం ఉంది. కానీ దాన్ని ఇంజిన్లకు అందించే ట్యాంకుల్లోకి పంపే పంపులు ఆపేసి ఉన్నాయి. హెలికాప్టర్ ఒక పబ్ పైకప్పు మీద కూలింది. అందులోని ముగ్గురు, పబ్‌లోని ఏడుగురు చనిపోయారు. కూలే సమయానికి రోటర్ తిరగడం లేదని, ఆటోరొటేషన్ ల్యాండింగ్ పూర్తికాలేదని బ్రిటన్ దర్యాప్తు సంస్థ తేల్చింది.

పన్నెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒక ఇంజిన్ హెలికాప్టర్ క్షేమంగా దిగింది. నగరం మీద తక్కువ ఎత్తులో, చీకట్లో రెండు ఇంజిన్ల హెలికాప్టర్ దిగలేకపోయింది. ఎత్తు, సమయం, కనిపించే నేల ఎంత విలువైనవో ఈ రెండూ చెబుతాయి.

దిగడానికి నేల ఉండాలి కదా?

ఆటోరొటేషన్‌లో పైలట్ నైపుణ్యం సగమైతే, కింద ఉన్న నేల మిగతా సగం. తెలుగు నేత కార్మిక కుటుంబాలు వేలాదిగా స్థిరపడిన సూరత్ జిల్లానే తీసుకుందాం. అక్కడి కిమ్ పట్టణం చుట్టూ అంతా చదునైన మైదానం. పైనుంచి చూస్తే ఎక్కడైనా దిగొచ్చనిపిస్తుంది.

కాస్త పరిశీలిస్తే పరిస్థితి వేరు. ఊరి మీదుగా ముంబయి-అహ్మదాబాద్ రైలు మార్గం, దాని మీద 25 వేల వోల్టుల తీగ. కొద్ది దూరంలో ఎప్పుడూ లారీలతో నిండి ఉండే 48వ నంబరు జాతీయ రహదారి. ఫ్యాక్టరీలకు కరెంటు తెచ్చే హైటెన్షన్ లైన్లు. చెరకు తోట పైనుంచి పచ్చటి తివాచీలా కనిపిస్తుంది, కానీ అసలు నేల మనిషి ఎత్తు కన్నా కింద ఉంటుంది. ఆ తేడాతో ఫ్లేర్ లెక్క తప్పొచ్చు. నీళ్లు పెట్టిన వరి మడిలో దిగితే హెలికాప్టర్ కాళ్లు బురదలో దిగబడి పక్కకు ఒరిగిపోవచ్చు. కోత కోసిన పొడి పొలం దొరికితే అదృష్టం. గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి పొగగొట్టాల పొగ ఎటు పోతోందో కూడా చూసుకోవాలి. ఇదంతా ముప్పై సెకన్లలో.

కొల్లేరు పక్కన కైకలూరు కూడా చదునైన నేలే. కానీ అక్కడ కనుచూపు మేర చేపల చెరువులు. 2002లో భీమవరం నుంచి బయల్దేరిన బాలయోగి హెలికాప్టర్ బెల్ 206 అలాంటి చేపల చెరువులోనే కూలింది. ఎదురుగా సరిగా కనిపించని పరిస్థితిలో, గట్టి నేల అనుకుని పైలట్ దిగబోయినది చెరువు అని అప్పట్లో దర్యాప్తు వివరాల్లో బయటకొచ్చింది. బాలయోగితో పాటు ఆయన భద్రతాధికారి, పైలట్ కూడా మరణించారు.

హిమాలయాల్లో చదును అన్నదే అరుదు. 2025 మే 8న గంగోత్రి వైపు వెళ్తున్న బెల్ 407లో పైలట్ రోడ్డు మీద దిగేందుకు ప్రయత్నించారని, రోటర్ బ్లేడు రోడ్డు వెంట ఉన్న తీగకు తగిలిందని విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ ప్రాథమిక నివేదిక తెలిపింది. హెలికాప్టర్ లోయలోకి దొర్లి ఆరుగురు చనిపోయారు. ఒక్కరే బతికారు. నెల తర్వాత, జూన్ 7న కేదార్‌నాథ్ వైపు బయల్దేరిన మరో హెలికాప్టర్ అదే రాష్ట్రంలో రోడ్డు మీదే అత్యవసరంగా దిగింది. తోక విరిగింది, పైలట్‌కు గాయాలయ్యాయి, యాత్రికులు మాత్రం క్షేమం. రెండుచోట్లా దిగబోయింది రోడ్డు మీదే. ఒకచోట తీగ అడ్డొచ్చింది.

ఆటోరొటేషన్ కాపాడలేని సందర్భాలు

ఇంజిన్ ఆగినా రోటర్ తిరగాలి, దాన్ని అదుపు చేసే భాగాలు పనిచేయాలి. ఈ రెండింటిలో ఏది పోయినా ఆటోరొటేషన్‌కు దారి లేదు.

2025 జనవరి 5న గుజరాత్‌లోని పోర్‌బందర్ విమానాశ్రయంలో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ కూలి ముగ్గురు మరణించారు. పైలట్ కదలికల్ని తిరుగుతున్న బ్లేడ్లకు చేరవేసే 'స్వాష్‌ప్లేట్' అన్న భాగం విరిగినట్టు దర్యాప్తులో తేలింది. అది విరిగితే కలెక్టివ్ దించినా బ్లేడ్లు మాట వినవు. దేశవ్యాప్తంగా ధ్రువ్‌లను కొన్ని నెలలు నేల మీదే ఉంచేశారు.

గేర్‌బాక్స్ కూడా అలాంటిదే. దానిలో ఆయిల్ పోయి గేర్లు పట్టేస్తే రోటర్ ఆగిపోతుంది. అందుకే గేర్‌బాక్స్ ఆయిల్ హెచ్చరికను పైలట్లు ఇంజిన్ హెచ్చరికతో సమానంగా, ఒక్కోసారి అంతకన్నా తీవ్రంగా తీసుకుంటారు.

తోక రోటర్ పాడైతే మాత్రం ఆటోరొటేషనే మందు. పెద్ద రోటర్‌ను ఇంజిన్ ఒకవైపు తిప్పుతుంటే హెలికాప్టర్ శరీరం రెండోవైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేదే తోక రోటర్. అది పనిచేయనప్పుడు ఇంజిన్ శక్తిని తీసేస్తే శరీరం తిరగడం తగ్గుతుంది. కాబట్టి కొన్ని సందర్భాల్లో పైలట్ బాగా నడుస్తున్న ఇంజిన్‌ను తనే ఆపి, ఆటోరొటేషన్‌లో దిగాల్సి ఉంటుంది. 2018 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ ఫుట్‌బాల్ స్టేడియం దగ్గర తోక రోటర్ బేరింగ్ పట్టేసిన ఏడబ్ల్యూ169కు ఆ అవకాశం దక్కలేదు. ఎత్తు చాలలేదు. ఐదుగురు మరణించారు.

మరి నల్లమలలో ఏం జరిగింది?

వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430కి రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు. 2009 సెప్టెంబర్ 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరింది. శిథిలాలు మర్నాడు పావురాలగుట్ట మీద దొరికాయి. ఐదుగురూ మరణించారు.

ఆర్‌కే త్యాగి నేతృత్వంలోని దర్యాప్తు కమిటీ ఇంజిన్ ఆగిపోవడాన్ని కారణంగా పేర్కొనలేదు. గేర్‌బాక్స్ ఆయిల్ పీడనానికి సంబంధించిన హెచ్చరిక రావడంతో పైలట్లు మాన్యువల్‌లో పరిష్కారం వెతుకుతూ కొన్ని నిమిషాలు గడిపారని, అదే సమయంలో హెలికాప్టర్ దట్టమైన మేఘాల్లోకి వెళ్లిందని, బలమైన గాలుల మధ్య అతివేగంగా ఎత్తు కోల్పోయిందని నివేదిక చెప్పింది.

ఆటోరొటేషన్‌కు ఇక్కడ చోటే లేదు. క్యుములోనింబస్ మేఘంలో గాలి పైకీ కిందికీ ఎంత బలంగా వీస్తుందంటే, నడుస్తున్న ఇంజిన్లు కూడా దాన్ని ఎదిరించలేకపోవచ్చు. ఇంజిన్ ఆగితే పైలట్ నేలను చూస్తూ దిగుతాడు. మబ్బులో అయితే నేల ఎటుందో కూడా తెలియదు.

కూనూరులోనూ త్రివిధ దళాల విచారణ యంత్ర వైఫల్యాన్ని తోసిపుచ్చింది. లోయలో వాతావరణం అనూహ్యంగా మారడంతో హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లిందని, పైలట్‌కు దిశాభ్రాంతి కలిగి కొండను ఢీకొందని తేల్చింది. 2020 జనవరిలో కాలిఫోర్నియాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయాంట్ సహా తొమ్మిది మంది మరణించిన ప్రమాదంలోనూ ఇంజిన్లు బాగానే ఉన్నాయి. అక్కడా మబ్బే కారణం.

చెవిలోని సమతూకపు వ్యవస్థ నేల కనిపించనప్పుడు మనిషిని మోసం చేస్తుంది. ఒరిగి పోతున్నా నిటారుగా ఉన్నామనే భావన కలిగిస్తుంది. పరికరాలను మాత్రమే నమ్మి ఎగరడంలో గట్టి శిక్షణ లేకపోతే, అనుభవమున్న పైలట్ కూడా నిమిషాల్లోనే దారి తప్పొచ్చు.

రెండు ఇంజిన్లు ఉంటే భయం లేదా?

రెండో ఇంజిన్ వల్ల లాభం ఉంది. ఒకటి ఆగితే రెండోదానితో దగ్గర్లోని చోటుకు చేరుకోవచ్చు. సముద్రం మీద, నగరాల మీద తిరిగే హెలికాప్టర్లకు అందుకే రెండు ఇంజిన్లకు ప్రాధాన్యం. అయితే గేర్‌బాక్స్ ఒక్కటే, రోటర్ ఒక్కటే. మబ్బు రెండింటికీ ఒకటే.

కేదార్‌నాథ్ మార్గంలో ఎక్కువగా కనిపించే బెల్ 407, హెచ్125, ఏడబ్ల్యూ119 ఒకే ఇంజిన్ హెలికాప్టర్లు. దాదాపు 11,700 అడుగుల ఎత్తులోని కేదార్‌నాథ్ దగ్గర గాలి పల్చన. ఇంజిన్‌కు శక్తి తగ్గుతుంది, ఆటోరొటేషన్‌లో దిగే వేగం పెరుగుతుంది, కింద చదునైన చోటు తక్కువ. అన్నింటికీ మించి లోయల్లో మబ్బు నిమిషాల్లో కమ్మేస్తుంది. 2025 జూన్ 15 తెల్లవారుజామున కేదార్‌నాథ్ నుంచి తిరిగొస్తున్న బెల్ 407 గౌరీకుండ్ సమీపంలో కూలి ఏడుగురు చనిపోయినప్పుడు కూడా అధికారులు మొదట చెప్పింది సరిగా కనిపించని వాతావరణం గురించే.

ఏటా వేలమంది తెలుగు యాత్రికులు ఈ హెలికాప్టర్లు ఎక్కుతున్నారు. ఎక్కేముందు 'ఇంజిన్ ఆగిపోతే?' అని భయపడటం సహజం. ఆ ప్రశ్నకు జవాబు పైలట్ శిక్షణలో ఉంది, వందేళ్లుగా పరీక్షకు నిలిచిన ఒక సూత్రంలో ఉంది. యాత్రికుడు గమనించాల్సింది వేరే ఉంది. అవతలి హెలిప్యాడ్ దగ్గర కొండ కనిపిస్తోందా? వాతావరణం బాగోలేదని సర్వీసు ఆపేస్తే మనం కౌంటర్ దగ్గర గొడవ పడుతున్నామా, సరేనని కూర్చుంటున్నామా? సభకు ఆలస్యమవుతోందని నాయకుడు గడియారం చూసుకుంటున్నప్పుడు, 'ఈ మబ్బులో లేవలేను సార్' అని పైలట్ చెబితే వినే మనిషి అక్కడ ఉన్నారా?

ఇంజిన్ ఆగిన పైలట్‌కు ముప్పై సెకన్లు ఉంటాయి. నేల మీద నిలబడి మబ్బును చూస్తున్న పైలట్‌కు కావలసినంత సమయం ఉంటుంది. ఆ సమయాన్ని అతనికి దక్కనివ్వడం మన చేతుల్లోనే ఉంది.